ఆఫీసులో మానసిక ఆరోగ్యం సర్వే: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడ పనిచేసినా ఏడాదికోసారైనా మెయిల్లో ఒక లింకు వస్తుంది, "మీ శ్రేయస్సే మాకు ముఖ్యం" అంటూ. అది నింపాలా వద్దా అని అడిగేవాళ్లు కొందరు. అలాంటి సర్వే తయారు చెయ్యమని పైనుంచి ఆర్డరొస్తే ఏం అడగాలో తెలియక తల పట్టుకునే హెచ్‌ఆర్ వాళ్లు ఇంకొందరు. నేను ఈ సర్వేలు చేయించే పనిలోనే ఉన్నాను కాబట్టి రెండు వైపుల ప్రశ్నలూ నా దగ్గరికే వస్తాయి. అన్నీ ఇక్కడ పెట్టాను, వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది చూసుకోండి.

దీనివల్ల ఉపయోగం ఏమన్నా ఉందా, లేక కంటితుడుపేనా?

రెండు రకాలూ చూశాను. తేడా ఎక్కడొస్తుందంటే, సర్వే మొదలుపెట్టకముందే "ఇలాంటి జవాబు వస్తే ఈ పని చేస్తాం" అని నిర్ణయం తీసుకోగల మనిషి ఎవరైనా ఒప్పుకున్నారా లేదా అన్న దగ్గర. రాత్రి కాల్స్‌తో చస్తున్నామని సగం మంది రాశారనుకోండి, కాల్స్ టైము మార్చే అధికారం ఎవరిది? ఆ మనిషికి అసలు ఈ సర్వే జరుగుతోందని తెలుసా? క్లయింటు అమెరికాలో ఉన్నాడు, టైము మార్చడం కుదరదు అంటే, ఆ మాట ముందే చెప్పి వంతులవారీగా కాల్స్ పంచుకోవడం గురించి అడగాలి. అడిగి ఊరుకోవడం అడక్కపోవడం కంటే చేటు, ఎందుకంటే వచ్చేసారి జనం అన్నిటికీ మధ్యలో ఉన్న గడి నొక్కేసి లంచ్‌కి వెళ్లిపోతారు.

సర్వే రాసేవాళ్లకి నేను పెట్టే పరీక్ష ఒకటే. ప్రతి ప్రశ్న పక్కనా "దీని జవాబు చూసి ఎవరు ఏం చేస్తారు" అని ఒక గడి పెట్టి నింపమంటాను. ఆ గడి ఖాళీగా ఉంటే ప్రశ్న కొట్టెయ్యడమే. చాలాసార్లు సగం ప్రశ్నలు ఇక్కడే రాలిపోతాయి, పాపం ఎంతో కష్టపడి రాసి ఉంటారు.

"అనానిమస్" అని రాశారు. నిజంగానే ఎవరు రాశారో తెలియదా?

అందరూ మొదట అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అనానిమస్ వేరు, కాన్ఫిడెన్షియల్ వేరు. మొదటిదాంట్లో మీ జవాబుని మీతో కలిపే దారం ఎక్కడా ఉండదు. రెండోదాంట్లో దారం ఉంటుంది, కాకపోతే దాన్ని చూసేది బయటి ఏజెన్సీ వాళ్లో, హెచ్‌ఆర్‌లో ఒకరిద్దరో. చాలా కంపెనీలు రెండోది చేస్తూ మొదటి పేరు వాడతాయి. దురుద్దేశంతో అని అనను, తేడా తెలియక కూడా వాడతారు. మీకొచ్చిన లింకు, పక్క సీటాయనకొచ్చిన లింకు పక్కపక్కన పెట్టి చూడండి. చివర్లో అక్షరాలూ అంకెలూ వేరేగా ఉంటే అది మనిషికో లింకు. "మీరింకా నింపలేదు" అని మీ పేరుతో రిమైండర్ వచ్చినా అంతే, నింపినవాళ్లెవరో నింపనివాళ్లెవరో సిస్టమ్‌కి తెలుసన్నమాట. ఎవరేం రాశారో హెచ్‌ఆర్‌కి తెలుసని కాదు, కానీ దారం మాత్రం ఉంది.

చిన్న కంపెనీల్లో గూగుల్ ఫారమ్స్, మైక్రోసాఫ్ట్ ఫారమ్స్ వాడతారు. గూగుల్‌లో మెయిల్ ఐడీ సేకరించే సెట్టింగు ఆన్‌లో ఉంటే ఆ సంగతి ఫారం పైభాగంలోనే కనిపిస్తుంది, చూసుకోండి. ఒక్కసారే నింపనివ్వాలని పెడితే లాగిన్ అడుగుతుంది, అది చూసి చాలామంది భయపడతారు, కానీ లాగిన్ అడిగినంత మాత్రాన మెయిల్ ఐడీ ఫారం పెట్టినవాళ్ల చేతికి వెళ్లదు. మైక్రోసాఫ్ట్ ఫారమ్స్‌తో జాగ్రత్త: సంస్థలోవాళ్లే నింపేలా పెడితే పేరు నమోదు చేసే టిక్కు మామూలుగా ముందే పడి ఉంటుంది, దాన్ని పనిగట్టుకుని తియ్యాలి. సర్వే పెట్టేవాళ్లు ఈ ఒక్క టిక్కు మర్చిపోయి, అనానిమస్ అని మెయిల్ పంపి, తర్వాత ఎక్సెల్ షీటులో అందరి పేర్లూ చూసి గుడ్లు తేలేస్తారు.

పేరు అడగలేదు కానీ వయసు, టీం, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, అన్నీ అడిగారు. పర్లేదా?

పర్లేదని అనలేను. పేరు లేకుండానే మనిషి దొరికిపోయేది ఇక్కడే. టెస్టింగ్ టీం, ఆడవాళ్లు, నలభై దాటినవాళ్లు, చేరి ఏడాది లోపు: ఈ నాలుగు ఫిల్టర్లు పెడితే మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరికీ పేరెందుకు?

అందుకే ఒక గుంపులో కనీసం ఇంతమంది ఉంటేనే ఫలితం చూపిస్తామని హద్దు పెట్టుకుంటారు, సాధారణంగా ఐదు నుంచి పది మధ్య. మానసిక ఆరోగ్యం లాంటి విషయానికి పది ఉంటే మంచిదని నా అభిప్రాయం. అయితే హద్దు పెట్టగానే అయిపోలేదు, తీసివేత లెక్క ఒకటుంది. డిపార్ట్‌మెంటు మొత్తం 40 మంది అనుకోండి, ఆ సగటు చూపించారు. అందులో 12, 11, 13 మంది ఉన్న మూడు టీంల సగటులూ విడివిడిగా చూపించారు. నలుగురే ఉన్న నాలుగో టీం ఫలితం దాచారు. లెక్కలొచ్చిన మేనేజరు మొత్తంలోంచి 36 మందిని తీసేస్తే ఆ నలుగురి సగటు రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ నలుగురూ ఎవరో ఆయనకి తెలుసు, అందులో పోయిన నెల సెలవు అడిగిందెవరో కూడా తెలుసు. కాబట్టి చిన్న టీంని దాచడం కాదు, ఇంకో టీంలో కలిపేసి చూపించాలి. సర్వే పెట్టేవాళ్లు ఈ ముక్క రాసి పెట్టుకోండి.

ఏ ప్రశ్నాపత్రం వాడాలి? సొంతంగా రాసుకోవచ్చా?

ముందు ఉన్నవి చూడండి, పరీక్షకి నిలిచినవే బోలెడున్నాయి. అందరికీ తేలిగ్గా ఉండేది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల డబ్ల్యూహెచ్‌ఓ-5. ఐదే వాక్యాలు, గత రెండు వారాల గురించి: ఉత్సాహంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుగ్గా ఉన్నారా, నిద్ర లేచాక హాయిగా ఉందా, రోజువారీ జీవితంలో మీకు ఆసక్తి కలిగించేవి ఉన్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే వందకి స్కోరు. 50 కి మించకపోతే మనిషి పరిస్థితి అంత బాగాలేదని, కాస్త వివరంగా చూడాలని సూచన. ఐదూ సానుకూలంగానే ఉంటాయి, ఎక్కడా "బాధ" అన్న ఊసే రాదు, అందుకే ఆఫీసులో జనం బెదిరిపోకుండా నింపుతారు.

పని గురించి అడగాలంటే బ్రిటన్‌లోని హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ తయారుచేసిన 35 ప్రశ్నల జాబితా ఉంది. పనిభారం, పని మీద మన చేతిలో ఉన్న అదుపు, సాయం, తోటివాళ్లతో సంబంధాలు, మన బాధ్యత ఏమిటో స్పష్టంగా ఉందా లేదా, మార్పులు ఎలా చేస్తున్నారు, ఈ ఆరు విషయాల చుట్టూ తిరుగుతుంది. నాకు ఇదే ఇష్టం. ఎందుకంటే దీని జవాబులు చూసి చెయ్యడానికి ఏదో ఒక పని దొరుకుతుంది. "మా టీంలో సగం మందికి ఎవరు చెప్పింది చెయ్యాలో తెలియడం లేదు" అని తేలితే సోమవారం పొద్దున్నే కూర్చుని సరిచెయ్యొచ్చు. "మా టీంలో సగం మంది దిగులుగా ఉన్నారు" అని తేలితే సోమవారం ఏం చేస్తారు?

బర్నౌట్ (పనితో పూర్తిగా అలిసిపోయి విరక్తి పుట్టడం) కొలవాలంటే మాస్లాక్ ప్రశ్నాపత్రం పేరున్నది, 1981 నుంచి ఉంది, కానీ లైసెన్సుకి డబ్బు కట్టాలి. కోపెన్‌హేగెన్ వాళ్లది 19 ప్రశ్నలది, ఉచితం. అన్నట్టు, బర్నౌట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11 లో జబ్బుగా చేర్చలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగానే పెట్టింది. కాబట్టి సర్వే చూసి "మీకు బర్నౌట్ జబ్బుంది" అని ఎవరూ అనకూడదు.

డిప్రెషన్ ప్రశ్నాపత్రం పీహెచ్‌క్యూ-9 తెలుగులో కూడా దొరుకుతోంది. దాన్నే పెట్టేద్దామా?

వద్దు. కనీసం అనానిమస్ సర్వేలో వద్దు.

అది డాక్టర్లు వాడే సాధనం. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో చూడాలని లెక్క. మంచి సాధనమే, ఆస్పత్రిలో. అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు, తనకి తాను హాని చేసుకునే ఆలోచనలు వచ్చాయా అని అడుగుతుంది. మీ ఆఫీసులో ఒకరు ఆ ప్రశ్నకి "దాదాపు ప్రతిరోజూ" అని టిక్కు పెట్టారనుకోండి. ఎవరో తెలియదు. ఏ ఫ్లోరో తెలియదు. మీరేం చేస్తారు? అందరినీ పిలిచి అడుగుతారా? కక్కలేక మింగలేక కూర్చోవాలి. అటు ఆ మనిషేమో, అడిగారు కదా, చెప్పాను కదా, ఎవరో ఒకరు పలకరిస్తారని ఎదురుచూస్తూ ఉండొచ్చు. అడిగి పలకరించకపోవడం కంటే క్రూరమైనది ఇంకోటి లేదు.

అలాంటి స్క్రీనింగ్ చెయ్యాలంటే పేరు తెలిసేలా, ఇష్టపడినవాళ్లకి మాత్రమే, సైకాలజిస్టో సైకియాట్రిస్టో చూసేలా, అదే రోజు ఫోన్ చెయ్యగలిగేలా ఏర్పాటుండాలి. అంత ఏర్పాటున్నా సరే, 2022 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు ఉద్యోగులకి ఇలా స్క్రీనింగ్ చెయ్యడం గురించి చెయ్యమనీ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. లాభం ఎక్కువో నష్టం ఎక్కువో తేలలేదు కాబట్టి సిఫార్సు ఇవ్వలేదు. వాళ్లే వెనక్కి తగ్గిన చోట మన స్టార్టప్‌ల హెచ్‌ఆర్ ముందుకి దూకాల్సిన పనిలేదు.

డబ్ల్యూహెచ్‌ఓ-5 లో నా స్కోరు తక్కువొచ్చింది. నాకు డిప్రెషన్ ఉన్నట్టేనా?

కాదు. రిలీజ్ వారంలో నింపితే ఎవరికైనా తక్కువే వస్తుంది. పది పదిహేను రోజులాగి మళ్లీ చూసుకోండి, అప్పటికీ అలాగే ఉండి నిద్రా తిండీ తేడా చేస్తుంటే డాక్టర్ని కలవండి. ఇప్పటికే బాగా ఇబ్బందిగా ఉంటే మాత్రం పదిహేను రోజులు ఆగక్కర్లేదు.

సొంత ప్రశ్నలు రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?

మనసుని కాకుండా పనిని అడగండి, అదీ రోజులూ గంటల లెక్కలో. "మీరు ఒత్తిడికి లోనవుతున్నారా?" అంటే బెంగళూరులో కాదనేవాళ్లెవరు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చిన ప్రతివాళ్లూ అవుననే అంటారు. దాని బదులు "గత రెండు వారాల్లో రాత్రి 9 దాటాక ఎన్ని రోజులు పని కాల్ తీసుకున్నారు?" అని అడిగితే లెక్క వస్తుంది. "పోయిన మూడు నెలల్లో మంజూరైన సెలవులో ఉండగా పని చెయ్యాల్సి వచ్చిందా?" ఇదింకా మంచిది, సంక్రాంతికి ఊరెళ్లి అత్తగారింట్లో ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లందరూ బయటపడతారు.

ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు పెట్టకండి. "మీ మేనేజరు మిమ్మల్ని గౌరవించి తగినంత టైము ఇస్తున్నారా?" గౌరవిస్తాడు, టైము ఇవ్వడు. ఇప్పుడేం నొక్కాలి?

జవాబుని ముందే నోట్లో పెట్టకండి. "మా కొత్త వెల్‌నెస్ కార్యక్రమం మీకెంతగా ఉపయోగపడింది?" అని అడిగారు ఒకచోట, గడుల్లో "చాలా", "బాగా", "కొంత" అని మూడే ఉన్నాయి. అస్సలు పడలేదు అనడానికి గడే లేదు! ఫలితాల స్లైడులో మాత్రం నూటికి నూరు శాతం సంతృప్తి అని వచ్చింది. కాకిలెక్క అంటే ఇదే.

"చెప్పడం ఇష్టం లేదు" అన్న గడి ప్రతి ప్రశ్నకీ ఉండాలి. మొత్తం పది నిమిషాల్లో అయిపోవాలి.

తెలుగులో కూడా పెట్టాలా? ఆఫీసులో అందరికీ ఇంగ్లీషొచ్చు కదా.

అందరికీ అంటే ఎవరండీ? డెస్కు దగ్గర కూర్చున్నవాళ్లకి వచ్చు. గేటు దగ్గర సెక్యూరిటీ, ఫ్లోర్లు తుడిచే హౌస్‌కీపింగ్ అక్కలు, క్యాంటీన్, క్యాబ్ డ్రైవర్లు, వీళ్లలో హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, కంపెనీ మెయిల్ ఐడీ ఉండదు, అందుకని సర్వేలో అసలు లెక్కకే రారు. పన్నెండు గంటల డ్యూటీలో నిలబడి ఉండేది మాత్రం వాళ్లే. కన్నడం, తెలుగు, తమిళం, హిందీల్లో కాగితం మీద అచ్చేసి, తాళం వేసిన డబ్బాలో వేయించండి. చదవడం రానివాళ్లుంటే బయటి మనిషి ఎవరైనా చదివి వినిపించాలి, సూపర్‌వైజరు కాదు.

తర్జుమా మాత్రం గూగుల్‌కి వదిలెయ్యకండి. ఒకరు తెలుగులోకి మార్చాక ఇంకొకరు అసలు చూడకుండా తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, రెండూ పోల్చి చూడాలి. ఆ తర్వాత నలుగురైదుగురికి ఇచ్చి ఏమర్థమైందో వాళ్ల నోటనే చెప్పించాలి.

ఎప్పుడు పెడితే మంచిది?

మార్చి, ఏప్రిల్‌లో వద్దు. అప్రైజల్ నడుస్తుండగా "మీ మేనేజరు ఎలాంటివారు" అని అడిగితే ఎవరు నిజం రాస్తారు? లేఆఫ్‌ల పుకార్లున్నప్పుడు అసలొద్దు, ఎవరిని పంపెయ్యాలో తేల్చుకోవడానికే పెట్టారని అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. సంక్రాంతికీ దసరాకీ సగం ఆఫీసు ఊళ్లల్లో ఉంటుంది. జూన్ చివరో, నవంబరు మొదట్లోనో మామూలు వారం చూసుకుని రెండు వారాలు తెరిచి ఉంచండి.

అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కాబట్టి చాలా కంపెనీలు ఆరోజే లింకు పంపుతాయి. పోస్టర్‌కి బాగుంటుంది, సర్వేకి పెద్దగా కలిసిరాదు, ఆ వారం వచ్చే మెయిళ్లలో ఇదీ ఒకటై కొట్టుకుపోతుంది.

ఎంతమంది నింపితే నమ్మొచ్చు?

శాతం ఒక్కటే చూసి సంబరపడకండి. 70 శాతం నింపినా మిగిలిన 30 శాతం అంతా ఒకే సపోర్టు టీం, నైట్ షిఫ్టువాళ్లు అయితే, మీరు తెలుసుకోవలసిన సంగతి ఆ ముప్పైలోనే ఉంది. బాగా అలిసిపోయినవాళ్లకి సర్వే నింపే ఓపిక కూడా ఉండదు, పని నచ్చక మానేసినవాళ్లు లెక్కలోనే ఉండరు. అందుకే స్కోరు పోయినేడాది కంటే బాగుందంటే, మనుషులు బాగుపడ్డారా లేక బాగోలేనివాళ్లు వెళ్లిపోయారా అని చూడాలి. ఎగ్జిట్ ఇంటర్వ్యూలూ, వాడుకోకుండా మురిగిపోయిన సెలవులూ, సిక్ లీవులూ పక్కన పెట్టుకుని చదివితేనే సర్వే అంకెకి అర్థం వస్తుంది.

మా మేనేజరు పక్కన నిలబడి "నింపేశారా, మంచిగా పెట్టండి" అంటున్నాడు.

మంచిగానే పెట్టెయ్యండి, తర్వాత హెచ్‌ఆర్‌కి ఆ సంగతి చెప్పండి. మేనేజరు బోనస్‌ని సర్వే స్కోరుతో ముడిపెట్టిన కంపెనీల్లో ఇది మామూలే. తప్పు ఆయనది సగం, ముడిపెట్టినవాళ్లది సగం.

చట్టం ఏమంటుంది? మా జవాబులకి రక్షణ ఉందా?

కొంత ఉంది, మనం అనుకున్నంత లేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి వివరాలు గోప్యంగా ఉంచాలి. ఆ బాధ్యత వైద్యం చేసేవాళ్ల మీద పెట్టారు, హెచ్‌ఆర్ మేనేజరు అందులోకి రాడు. మీరు కౌన్సిలర్‌తో చెప్పినదానికీ, సర్వేలో రాసినదానికీ, టీ తాగుతూ హెచ్‌ఆర్ ఫ్రెండ్‌తో చెప్పినదానికీ రక్షణ ఒకేలా ఉండదని గుర్తుంచుకోండి.

ఐటీ చట్టం కింద 2011 లో వచ్చిన నిబంధనల్లో మానసిక ఆరోగ్య పరిస్థితిని సున్నితమైన వ్యక్తిగత సమాచారం కింద చేర్చారు. అది సేకరించాలంటే రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి, ఉత్తరం ద్వారా గానీ ఫ్యాక్స్ ద్వారా గానీ మెయిల్ ద్వారా గానీ అని రాసి ఉంటుంది (ఫ్యాక్స్!). ఆ తర్వాత 2023 లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చి దశలవారీగా అమలవుతున్నాయి. ఇందులో సున్నితమైన సమాచారం అని వేరే వర్గం లేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసం కొన్ని సందర్భాల్లో సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని ఏడో సెక్షన్‌లో ఉంది. మంచి కంపెనీ అయితే ఆ వెసులుబాటు జోలికి పోకుండా సమ్మతి అడుగుతుంది: ఏం సేకరిస్తున్నాం, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తాం. ఈ మూడూ మొదటి పేజీలో లేకపోతే మెయిల్ పెట్టి అడగండి, అడిగే హక్కు మీకుంది.

ఇంకోటి, సర్వేకి నేరుగా సంబంధం లేదు గానీ చాలామందికి తెలియదు: అదే 2017 చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం ఆరోగ్య బీమా మానసిక అనారోగ్యానికి కూడా శరీరానికొచ్చే జబ్బులతో సమానంగా వర్తించాలి. మీ కంపెనీ గ్రూప్ పాలసీ కాగితం తీసి ఓసారి చూసుకోండి.

కామెంట్లు రాసే పెట్టెలో ఏం రాయొచ్చు?

జరిగింది రాయండి, మిమ్మల్ని పట్టిచ్చే గుర్తులు తీసేసి రాయండి. "నెల్లూరు నుంచి వారం వారం వచ్చిపోయే నాకు శుక్రవారం సాయంత్రం ఆరింటికి మీటింగ్ పెడితే మడివాలలో బస్సు తప్పిపోతోంది" అని రాస్తే ఫ్లోర్‌లో అందరికీ మీరెవరో తెలిసిపోతుంది. "శుక్రవారం సాయంత్రం మీటింగుల వల్ల ఊళ్లకి వెళ్లేవాళ్లకి ఇబ్బందవుతోంది" అంటే చాలు. రాసే తీరు కూడా పట్టిస్తుంది, మీకు అలవాటైన ఊతపదాలుంటే మానుకోండి.

సర్వే పెట్టేవాళ్లకి: కామెంట్లు ఉన్నవున్నట్టు మేనేజర్లకి పంపొద్దు. ఒకరు అన్నీ చదివి, విషయాలవారీగా కూర్చి, సొంత మాటల్లో రాసి ఇవ్వాలి. కాపీ పేస్టు చేసిన కామెంటు చూసి "ఇది ఫలానావాళ్లే రాసుంటారు" అని మీటింగ్ రూమ్‌లో ఊహాగానాలు మొదలైతే ఇక ఆ కంపెనీలో ఎవరూ నోరు విప్పరు.

నాకు నిజంగానే బాగోలేదు. సర్వేలో రాస్తే సాయం వస్తుందా?

రాదు. సర్వే అందరి లెక్కా కలిపి చూసేది, మీ ఒక్కరి మాట వినే ఏర్పాటు అందులో ఉండదు. సాయానికి వేరే దారులున్నాయి.

టెలీ మానస్, ఫోన్‌లో మానసిక సాయం అందించే సేవ, నంబరు 14416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, దీనికి ప్రధాన కేంద్రం మన హోసూరు రోడ్డులోని మానసిక ఆస్పత్రి నిమ్హాన్సే. రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికొస్తేనే చెయ్యాలని లేదు, నిద్ర పట్టక పీజీ మేడ మీద పచార్లు చేస్తున్న రాత్రి కూడా చెయ్యొచ్చు. నేరుగా కలవాలంటే నిమ్హాన్స్ ఔట్‌పేషెంట్ విభాగం ఉంది, బీటీఎం లేఅవుట్‌లో వాళ్ల సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ కూడా ఉంది, ఆస్పత్రి వాతావరణం అంటే జంకేవాళ్లకి అది నయం.

నిమ్హాన్స్ 2015-16 లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సమస్యని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. మీరు ఒంటరిగా లేరని చెప్పడానికే ఈ అంకెలు.

సర్వే పెట్టేవాళ్లు టెలీ మానస్ లాంటి సాయం నంబర్లు చివరి పేజీలో కాకుండా ప్రతి పేజీ కిందా పెట్టండి. మధ్యలో ఆపేసి వెళ్లిపోయేవాళ్లకే అవి ఎక్కువ అవసరం కావచ్చు.

కంపెనీ ఇచ్చే ఈఏపీ (ఉద్యోగుల సహాయ పథకం) కౌన్సిలింగ్‌ని నమ్మొచ్చా?

చాలావరకు నమ్మొచ్చు. బయటి సంస్థ నడుపుతుంది, కంపెనీకి వెళ్లేది ఎంతమంది వాడుకున్నారన్న అంకె మాత్రమే అన్నది మామూలు ఒప్పందం. ప్రాణహాని ఉన్నప్పుడు గోప్యతకి మినహాయింపు ఉంటుంది. మొదటి కాల్‌లోనే "నా పేరు కంపెనీకి వెళ్తుందా, రికార్డు ఎక్కడ ఉంచుతారు, నాకెన్ని సెషన్లు ఉన్నాయి" అని అడగండి. సూటిగా చెప్పకపోతే సొంత డబ్బుతో బయట చూపించుకోవడం మేలు.

ఫలితాలొచ్చాయి. యోగా సెషన్, మెడిటేషన్ యాప్ పెట్టేస్తే సరిపోదా?

యోగా మంచిదే, నేనూ చేస్తాను. కానీ సర్వేలో రాత్రి కాల్స్ అని రాసినవాళ్లకి పొద్దున్న ఏడింటికి యోగా పెడితే వాళ్లకున్న ఆ కాస్త నిద్రా పోతుంది.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాచారం పరిశీలించి 2024 లో ఒక పేపరు ప్రచురించారు. ఒత్తిడి తట్టుకునే శిక్షణ, మైండ్‌ఫుల్‌నెస్, యాప్‌ల లాంటివాటిలో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. ఉద్యోగులు స్వచ్ఛందంగా సేవ చేసే కార్యక్రమాల దగ్గర ఒక్కచోటే కాస్త తేడా కనిపించింది. ఒకే సమయంలో తీసిన సమాచారం కాబట్టి దీంతోనే తీర్పు చెప్పెయ్యలేం, కానీ బడ్జెట్ అంతా యాప్‌కి పోసేముందు ఆలోచించాల్సిన మాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు వ్యక్తులకిచ్చే శిక్షణతోపాటు పని తీరు మార్చడం, మేనేజర్లకి శిక్షణ ఇవ్వడం కూడా సూచించాయి. పనిచోట మానసిక ఆరోగ్యం మీద 2021 లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 45003 కూడా పనిలో ఉన్న ప్రమాదాన్ని గుర్తించి తగ్గించమనే చెబుతుంది, ఫ్యాక్టరీలో మెషీన్‌కి గార్డు పెట్టినట్టే.

చిన్నవి చేసినా ఫలితం ఉంటుంది. ఆన్‌కాల్ రోస్టర్ నెల ముందే ఇవ్వడం, రాత్రి కాల్ ఉన్నవాళ్లకి మర్నాడు పొద్దున్న మీటింగు లేకుండా చూడడం, శుక్రవారం నాలుగు తర్వాత కొత్త పని అప్పజెప్పకపోవడం. వీటికి ఖర్చేం లేదు, కాకపోతే ఎవరో ఒకరు క్లయింటుకి "కుదరదు" అని చెప్పాలి, అదే కష్టం.

ఫలితాలు అందరికీ చెప్పాలా, బాగోలేకపోయినా?

చెప్పాలి, సర్వే మూసిన నెలలోపు. బాగున్నవి, బాగోలేనివి, ఇప్పుడు చేసేవి, చెయ్యలేనివి, ఎందుకు చెయ్యలేమో. చెయ్యలేమని నిజం చెప్పినవాళ్లని జనం తిట్టుకున్నా నమ్ముతారు. ఆర్నెల్ల తర్వాత "మీ అభిప్రాయాలు మాకు అమూల్యమైనవి" అని స్లైడు చూపిస్తే ఎవరికీ గుర్తు కూడా ఉండదు.

మళ్లీ ఎన్నాళ్లకి పెట్టాలి?

పెద్దది ఏడాదికోసారి చాలు. మధ్యలో మూడునాలుగు ప్రశ్నలతో చిన్నవి పెట్టుకోవచ్చు, అదీ పోయినసారి చెప్పిన పని కొంతైనా అయ్యాకే.

నాకు అస్సలు నింపాలని లేదు. మానేస్తే ఏమన్నా అవుతుందా?

ఏమీ కాదు, కాకూడదు కూడా. తప్పనిసరి అని మెయిల్లో రాసుంటే అది సర్వేలా లేదు, హాజరుపట్టీలా ఉంది. నాకైతే నింపమనే చెప్పాలని ఉంటుంది, పైన చెప్పిన జాగ్రత్తలు ఉంటే. లేకపోతే పని గురించిన ప్రశ్నలకి మాత్రం జవాబిచ్చి, మనసు గురించినవి వదిలెయ్యండి.

ఇంకో కంపెనీకి మారుతున్నా. ఇంటర్వ్యూలో దీని గురించి అడగొచ్చా?

భేషుగ్గా అడగొచ్చు. "మీరు ఉద్యోగులతో వెల్‌బీయింగ్ సర్వే చేస్తారా" అని అడిగితే అందరూ చేస్తాం అంటారు. "పోయినసారి సర్వే చూసి ఏం మార్చారు" అని అడగండి. హెచ్‌ఆర్ రౌండ్‌లో కాదు, మీ కాబోయే మేనేజరుతో మాట్లాడే రౌండ్‌లో అడగండి. వెంటనే ఒక పని పేరు చెబితే మంచిదే. "అది హెచ్‌ఆర్ వాళ్లు చూసుకుంటారు" అంటే మిగతా విషయాలు, జీతంతో సహా, ఇంకాస్త గట్టిగా మాట్లాడుకుని చేరండి.